మా మండలంలో కాలుష్యం మీద రాసే విలేకరిని ఎంతవరకు నమ్మొచ్చు?

మునుగోడు_వాసి (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. మా మండలంలో ఒక విలేకరి ఉన్నాడు. ఒక దినపత్రిక జిల్లా పేజీకి రాస్తాడు, సొంతంగా యూట్యూబ్ ఛానెల్ కూడా నడుపుతాడు. రాసేది చాలావరకు కాలుష్యం మీదే: ఫ్లోరైడ్ బోర్లు, రాత్రిపూట వాగుల్లో ట్యాంకర్లు వదిలే వ్యర్థాలు, క్వారీ దుమ్ము. పోయిన నెల మా పక్క ఊరి చెరువులో చేపలు చచ్చి తేలాయి. తెల్లవారేసరికి అతను కట్ట మీద ఉన్నాడు. మధ్యాహ్నానికి 'ఫార్మా విషానికి చెరువు బలి' అని వీడియో వచ్చింది. సాయంత్రానికి మా వాట్సాప్ గ్రూపులన్నిటిలో అదే.

ఇప్పుడు ఊళ్లో రెండు జట్లయ్యాయి. ఒక జట్టు ఆ వీడియోను పెన్‌డ్రైవ్‌లో పెట్టి సోమవారం ప్రజావాణిలో కలెక్టర్‌కు ఇద్దామంటోంది. రెండో జట్టు 'కంపెనీ వాళ్లను డబ్బులు అడిగితే ఇవ్వలేదు, అందుకే రాశాడు' అంటోంది. ఫిర్యాదు మీద మొదటి సంతకం నాదే పెట్టమంటున్నారు. సంతకం పెట్టేముందు నాకు తేల్చుకోవాలని ఉంది. దయచేసి అతని పేరు, ఊరి పేరు, కంపెనీ పేరు ఎవరూ రాయొద్దు. పర్యావరణం మీద రాసే మనిషి మాటను మనలాంటి వాళ్లం ఏం చూసి నమ్మాలి, ఏం చూసి ఆగాలి అన్నదే నా ప్రశ్న.

మూసీ_ఒడ్డు

తమ్ముడూ, మాది వలిగొండ వైపు. మూసీ నీళ్లతోనే మా వ్యవసాయం. హైదరాబాద్ మురుగంతా మా పొలాల మీదుగా పోయి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఈ సంగతి పెద్ద పత్రికలకు ఎన్నికలప్పుడు తప్ప గుర్తుండదు. మిగతా రోజుల్లో రాసేది మండల విలేకర్లే. వాళ్లకు జీతం ఉండదు, బండి పెట్రోలు కూడా సొంత జేబులోంచే. అట్లాంటి మనిషి తెల్లవారకముందే కట్ట మీదికి వచ్చాడంటే ముందు దండం పెట్టాలి. నన్నడిగితే సంతకం పెట్టు.

హైదరాబాద్‌లో_నల్గొండ

దండం పెట్టడం వేరు, సంతకం పెట్టడం వేరు కదా అన్నా. ముందు ఒక చిన్న పని చేయండి. వీడియోను అక్కడక్కడ ఆపి స్క్రీన్‌షాట్లు తీయండి. ఒక్కొక్కటీ గూగుల్ లెన్స్‌లో పెట్టి వెతకండి. చేపలు చచ్చిన పాత ఫొటోలు ప్రతి ఎండాకాలం ఊరు మార్చుకుని తిరుగుతుంటాయి. అన్నీ ఆ చెరువువేనా అన్నది ఆ ఊరివాళ్లు చూడగానే చెప్పగలరు. మత్తడి ఎట్లా ఉంది, తూము ఎక్కడుంది, కట్ట మీద ఏ చెట్లున్నాయి చూస్తే చాలు.

మునుగోడు_వాసి

చూశాం. వీడియో మొదట్లో వచ్చే దృశ్యం, తెల్లటి చేపలు ఒడ్డు పొడుగునా పరుచుకున్నది, ఆ చెరువుది కాదు. అందులో కట్ట వెంబడి వరుసగా తాటిచెట్లున్నాయి. మా పక్క ఊరి కట్ట మీద ఉన్నవి సర్కారు తుమ్మలు. మిగతాదంతా అక్కడిదే. రాతి మత్తడి, దాని పక్కన కూలిపోయిన బతుకమ్మ మెట్లు స్పష్టంగా కనిపిస్తున్నాయి. అతనికి ఫోన్ చేసి అడిగాను. 'అది ఫైల్ షాట్ అన్నా, మొదట్లో పట్టు కోసం వేశాను' అన్నాడు. ఫైల్ షాట్ అంటే ఈ సంఘటనది కాని పాత దృశ్యం. తెర మీద మాత్రం ఆ ముక్క ఎక్కడా రాయలేదు.

హైదరాబాద్‌లో_నల్గొండ

నాకైతే అక్కడే సగం నమ్మకం పోయింది. ఒక మూల 'ఫైల్' అని వేయడానికి ఎంత టైం పడుతుంది?

మూసీ_ఒడ్డు

ఒక్క షాట్ పట్టుకుని మనిషిని కొట్టేస్తారా? మిగతా వీడియో నిజమే అంటున్నాడు కదా. కంపెనీ వకీలుకు కావలసిందీ ఇదే. ఒక్క తప్పు చూపించి మొత్తం అబద్ధమంటాడు.

పాత_సబ్‌ఎడిటర్

మీ ఇద్దరి మాటల్లోనూ నిజముంది. నేను చాలా ఏళ్లు జిల్లా డెస్కులో, అంటే విలేకర్లు పంపిన వార్తలను దిద్ది పేజీలో పెట్టే చోట, పనిచేశాను కాబట్టి లోపలి సంగతి కొంత చెబుతాను.

పత్రికలో వచ్చిన వార్తకు శీర్షిక పెట్టేది విలేకరి కాదు, డెస్కు. 'కలుషితమైనట్లు అనుమానం' అని కింద నుంచి వస్తే, రెండు కాలాల చోటులో పట్టడానికి 'విషమైన చెరువు' అవుతుంది. కాబట్టి పత్రిక వార్తతో విలేకరిని తూచాలంటే శీర్షిక వదిలేసి కింది పేరాలు చదవండి. అసలు సమాచారం ఎప్పుడూ మూడు నాలుగు పేరాల కింద ఉంటుంది: ఎవరు చెప్పారు, ఎప్పుడు జరిగింది, అధికారి ఏమన్నాడు. అవి లేకుండా 'స్థానికులు ఆరోపిస్తున్నారు', 'విశ్వసనీయ సమాచారం' అని మాత్రమే ఉంటే విలేకరి ఊళ్లోకి పోకుండా ఫోన్ మీద రాశాడని మా డెస్కులో అనుకునేవాళ్లం. చాలాసార్లు అదే నిజమయ్యేది.

యూట్యూబ్‌లో ఈ సాకు లేదు. శీర్షిక, బొమ్మ, మాట, ఎడిటింగ్ అన్నీ అతనివే. అందుకే ఒకే మనిషి పత్రికలో రాసింది, ఛానెల్‌లో పెట్టింది పక్కపక్కన పెట్టి చూడండి. డెస్కు అడిగే ప్రశ్నలు లేని చోట అతను ఎంత జాగ్రత్తగా ఉన్నాడో అక్కడ తెలుస్తుంది.

ఇంకో సంగతి ప్రకటనలది. జూన్ 2, ఆగస్టు 15, దసరా, జనవరి 26 వస్తే మండల విలేకర్లకు యాడ్ టార్గెట్లు ఉంటాయి. సర్పంచులు, రైస్ మిల్లులు, ఫ్యాక్టరీలు, ప్రైవేటు స్కూళ్ల దగ్గరికి పోయేది ఆ విలేకరే. అంటే ఎవరి మీద రాయాలో వాళ్ల దగ్గరికే చేయి చాపేలా వ్యవస్థ కట్టారు. మనిషి చెడ్డవాడు కాకపోయినా చేతులు కట్టేసినట్టే. మీ విలేకరి రాసిన కంపెనీ ప్రకటన అతని పత్రికలో ఎప్పుడైనా వచ్చిందా? వచ్చిన తర్వాత వార్తలు ఆగాయా, రానప్పుడు పెరిగాయా? డబ్బులు అడిగాడన్న మాటకు చేతికందే ఆధారం ఏదైనా ఉంటే అక్కడే ఉంటుంది. టీకొట్టు దగ్గర దొరకదు.

చెరువు_సంఘం

నేను మత్స్య సహకార సంఘం సభ్యుడిని, నకిరేకల్ వైపు. వీడియో సంగతి మీరు చూసుకోండి, నన్ను చేపల సంగతి మాట్లాడనివ్వండి. ఏ చేపలు చచ్చాయి? ఏ పొద్దుకు చచ్చాయి?

బొచ్చె, రవ్వ నీళ్లలోని ఆక్సిజన్ మీదే బతుకుతాయి. చెరువు పచ్చగా పాచిపట్టి, రెండు మూడు రోజులు మబ్బు పట్టిందంటే పగలు ఆక్సిజన్ సరిగా తయారు కాదు, రాత్రంతా పాచి కూడా ఉన్నదాన్ని పీల్చేస్తుంది. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి, పొద్దు పొడిచేలోపు చస్తాయి. ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు, తొలకరి వాన ఊరి మురుగును చెరువులోకి తెచ్చినప్పుడు మా చెరువుల్లో ఇది మామూలే. ఏ కంపెనీ అక్కర్లేదు.

కొర్రమీను అట్లా కాదు. అది పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది, బురదలోనూ బతుకుతుంది. బొచ్చెలు, రవ్వలు చచ్చి కొర్రమీనులు బతికి ఉంటే నేను ముందు ఆక్సిజన్ అనుకుంటాను. కొర్రమీనులు, కప్పలు, ఎండ్రికాయలు కూడా చస్తే నీళ్లలో ఏదో పడిందనుకుంటాను. అప్పుడు కూడా ఫార్మా అని వెంటనే అనలేం. మీ వైపు పత్తి ఎక్కువ. మందు కొట్టిన తెల్లారి పెద్ద వాన పడితే ఆ నీళ్లన్నీ చెరువులోకే కదా.

మీ విలేకరి ఈ ప్రశ్న మత్స్యకారుల్లో ఒక్కరినైనా అడిగాడా? అడిగి ఉంటే నేను అతన్ని నమ్ముతాను. మైకు ముందు సర్పంచును, పార్టీ నాయకుడిని మాత్రమే నిలబెడితే నమ్మను.

మునుగోడు_వాసి

అన్నా, వీడియోలో మాట్లాడింది ఇద్దరే. ఒకరు మాజీ ఎంపీటీసీ, ఇంకొకరు యువజన సంఘం అతను. వల వేసేవాళ్లు వెనకాల నిలబడి కనిపిస్తున్నారు, వాళ్లతో మాట్లాడించలేదు. కొర్రమీనుల సంగతి నేను వాళ్లను అడుగుతాను.

ఇంకొకటి. వీడియోలో పెన్ను లాంటి మీటరు నీళ్లలో ముంచి '1400 చూపిస్తోంది, ఇది నీళ్లా విషమా' అంటాడు. జనం అందరూ పట్టుకున్నది ఆ అంకెనే.

నీళ్ల_పరీక్ష

ప్రభుత్వ ల్యాబ్‌లో నీళ్ల పరీక్షలు చేసి రిటైరయ్యాను. ఆ మీటరు టీడీఎస్ మీటరు. నీళ్లలో కరిగి ఉన్న లవణాలు మొత్తం ఎంతో అంచనాగా చూపిస్తుంది, అంతే. మన తాగునీటి ప్రమాణంలో టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరకని చోట 2000 వరకు ఒప్పుకుంటారు. నల్గొండ జిల్లా బోరు నీళ్లలో 1400 చూసి ఎవరూ ఉలిక్కిపడరు. రాయిలోని ఉప్పే దానికి చాలు. ఫార్మా వ్యర్థాల్లోని సాల్వెంట్లను, పురుగుమందులను ఆ పెన్ను పట్టుకోలేదు. ఫ్లోరైడ్‌ను కూడా విడిగా చెప్పలేదు. అంటే టీడీఎస్ తక్కువ చూపించిన నీళ్లలో విషం ఉండొచ్చు, ఎక్కువ చూపించిన నీళ్లలో ఉప్పు తప్ప ఏమీ లేకపోవచ్చు. ఆ మీటరుతో విషం అని తేల్చే విలేకరికి విషయం తెలియదు, లేదా తెలిసీ జనానికి తెలియదనుకుంటున్నాడు.

అంకెతో వచ్చే ప్రతి వార్తలో నేను చూసేది నమూనా ఎక్కడ తీశారన్నది. ఒక ఉదాహరణ. పటాన్‌చెరు దగ్గర ఔషధ పరిశ్రమల వ్యర్థాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. ప్రపంచమంతా మాట్లాడుకున్న అంకె అది. అది ఆ గొట్టం చివర నీళ్ల లెక్క. అదే అంకెను తెచ్చి ఊరి బోరుకో, కిలోమీటర్ల దూరంలోని చెరువుకో అంటిస్తే అబద్ధమవుతుంది. అంకె అదే అయినా సరే.

తర్వాత, ఎట్లా తీశారు? చేపలు చచ్చినప్పుడు మొదట కొలవాల్సింది కరిగిన ఆక్సిజన్. దాన్ని సీసాలో పట్టుకుని సాయంత్రం నల్గొండకు తెస్తే లాభం లేదు. ఒడ్డునే మీటరుతో కొలవాలి, లేదా అక్కడికక్కడే రసాయనాలు కలిపి ఆక్సిజన్‌ను కదలకుండా పట్టాలి. బీఓడీ, అంటే నీళ్లలోని మురుగు కుళ్లడానికి ఎంత ఆక్సిజన్ ఖర్చవుతుందన్న పరీక్ష, దాని నమూనా ఐస్‌లో పెట్టి చీకట్లో ఉంచి తేవాలి. ఫ్లోరైడ్‌కు ప్లాస్టిక్ సీసానే వాడాలి, గాజుతో అది చర్య జరుపుతుంది. కూల్‌డ్రింక్ సీసాలో నింపి బండి డిక్కీలో తెచ్చిన నీళ్లకు ల్యాబ్ ఏ అంకె ఇచ్చినా నేను పక్కన పెడతాను. మంచి విలేకరి ఇవన్నీ తనే చేయనక్కర్లేదు. 'నమూనా ఎవరు తీశారు, ఎప్పుడు, ఏ ల్యాబ్, రిపోర్టు కాగితం చూపిస్తారా' అని అడిగి, ఆ జవాబు వార్తలో ఒక్క వాక్యంగా పెడితే చాలు.

మర్రిగూడ_అక్క

నేను ఫ్లోరైడ్ ఊళ్ల నుంచి రాస్తున్నాను. మా దగ్గరికి వచ్చినంత మంది విలేకర్లు జిల్లాలో ఇంకెక్కడికీ పోయి ఉండరు. మంచి చేసినవాళ్లూ ఉన్నారు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఫ్లోరైడ్ నీళ్ల గోడు దేశానికి వినిపించాలని నల్గొండ నుంచి 480 మంది పోటీ చేసి బ్యాలెట్ పేపర్‌ను పుస్తకంలా చేసినప్పుడు, ఎందుకు చేశారో దేశానికి చెప్పింది విలేకర్లే. అది మేం మరచిపోం.

నొప్పి పెట్టే సంగతి ఇంకొకటి. మా ఊళ్లో కాళ్లు వంకరపోయిన ఒక పెద్దమ్మ ఫొటో ఎన్నో ఏళ్లు ప్రతి వార్తకూ వాడారు. ఆమె చనిపోయాక కూడా వాడారు. మిషన్ భగీరథ నల్లా నీళ్లు వచ్చాక కూడా నిన్న తీసినట్టే వేశారు. తేదీ వేయరు. 'ఫ్లోరైడ్ ఊరు' అని శీర్షికలు చదివి మా పిల్లలకు సంబంధాలు తప్పిపోయాయి. ఆ రాసినవాడు మళ్లీ వచ్చి 'ఇప్పుడు ఏ నీళ్లు తాగుతున్నారు' అని అడగలేదు.

దీనికి రెండో వైపు కూడా చూశాం. 'నల్గొండ ఫ్లోరైడ్ నుంచి విముక్తి' అని ఒకే రకంగా రాసినవాళ్లు. నల్లా నీళ్లు రావడం నిజం, కొత్తగా పిల్లల పళ్లు పాడవడం తగ్గడం నిజం. ఎముకలు ఇప్పటికే వంగినవాళ్లు నల్లా నీళ్లతో మామూలు మనుషులు కారు. మోటారు కాలిపోయిన వారం జనం మళ్లీ బోరు దగ్గరికే పోతారు. ఈ మూడు సంగతులూ ఒకే వార్తలో రాసినవాళ్లను నేను నమ్ముతాను. ఒకటి పట్టుకుని మిగతావి వదిలేసినవాళ్లను, నా పక్షాన రాసినా సరే, నమ్మను.

పాలమూరు_టీచర్

అక్క చెప్పిన దాని మీదే నా మాట. ఒక్క వార్తతో మనిషిని తేల్చలేం, పాతవి తీయండి. మా పదో తరగతి పిల్లలతో ఒకే విలేకరి రాసిన పర్యావరణం వార్తలు ఏడాది పాటు కత్తిరించి పెట్టించాను. పిల్లలు పట్టుకున్న సంగతి నాకే ఆశ్చర్యం కలిగించింది. ప్రతి వార్త చివర్లో 'అధికారులు నమూనాలు సేకరించారు' అని ఉంది. ఆ నమూనాల్లో ఏం తేలిందో ఒక్కదానికీ మళ్లీ వార్త రాలేదు. మండిపడటం ఉంది, వెంటపడటం లేదు. మీరు కూడా మీ విలేకరి పాత వీడియోలు తీసి అదే చూడండి: మళ్లీ ఆ చోటికి పోయాడా? తప్పు రాసినప్పుడు దిద్దుకున్నాడా, వీడియో గప్‌చుప్‌గా తీసేశాడా?

అమ్రాబాద్_నుంచి

నల్లమలలో యురేనియం గొడవ జరిగిన 2019లో ఈ తేడాలన్నీ కళ్లారా చూశాను. అప్పుడు కేంద్రంలోని అటవీ సలహా కమిటీ మొగ్గు చూపింది అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో సుమారు 83 చదరపు కిలోమీటర్లలో అన్వేషణకు, అంటే బోర్లు వేసి ఖనిజం ఎంతుందో చూడటానికి. ఫోన్లలో మాత్రం 'తవ్వకాలకు అనుమతి, రేపే యంత్రాలు' అని తిరిగింది. చెంచు పెంటల్లో, అంటే అడవిలోని చెంచుల గూడేల్లో, జనం నిద్రపోలేదు. అన్వేషణ తర్వాత తవ్వకమే వస్తుందన్న భయం న్యాయమైనదే, నేనూ ఆ పోరాటంలో ఉన్నాను. అయినా అనుమతి దేనికి ఇచ్చారో సరిగ్గా రాసిన విలేకరి కాగితమే మాకు అధికారుల ముందు పనికొచ్చింది. 'ఇది తప్పు' అని కొట్టేయడానికి వాళ్లకు చోటు దొరకలేదు. సెప్టెంబర్ 16న అసెంబ్లీ యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. ఆవేశంతో కదిలిన జనం ఉన్నారు, సరైన కాగితం చేతిలో ఉన్నవాళ్లూ ఉన్నారు. రెండూ కావలసి వచ్చాయి.

ఉద్యమం వైపు నిలబడ్డాడని విలేకరిని తోసేయొద్దు. అతను ఎటు నిలబడ్డా, రాసిన వాస్తవం వాస్తవమా కాదా అన్నదే చూడండి.

మూసీ_ఒడ్డు

ఇన్ని పరీక్షలు విలేకరికి పెడుతున్నారు. కంపెనీకి ఎవరు పెడతారు? పొద్దున లేస్తే బోర్లలో నురగ చూసేది మేం. మేం ల్యాబ్ రిపోర్టు తెచ్చేదాకా ఎవరూ రాయకూడదంటే మా ఊరి గురించి ఎప్పటికీ ఎవరూ రాయరు. 'బ్లాక్‌మెయిలర్' అన్న మాట ఎక్కడి నుంచి మొదలైందో కూడా అడగండి. ఫ్యాక్టరీలో లేబర్ కాంట్రాక్టు చేసేవాళ్ల నోట్లోంచే వస్తుంది ముందు.

దేవరకొండ_వకీలు

మూసీ ఒడ్డు అన్న కోపం అర్థమవుతుంది. లంబాపూర్, పెద్దగట్టు యురేనియం ప్రాజెక్టు మీద 2003 ఆగస్టులో ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు మా వైపు ల్యాబ్ రిపోర్టులు పట్టుకుని ఎవరూ రాలేదు. జనం చెప్పిన మాటలే ఉన్నాయి. అవి రాసిన విలేకర్లు తప్పు చేయలేదు. 'నురగ కనిపించింది, వాసన వచ్చింది, పలానా తేదీన పలానా చోట' అని రాయడానికి ల్యాబ్ అక్కర్లేదు. 'ఫార్మా విషం' అని రాయడానికి కావాలి. విలేకరి మొదటిది చేస్తే అతనికి అండగా నిలబడాలి. మొదటిది చూసి రెండోది చెప్పేస్తే ఆగమనాలి.

ఇక ఫిర్యాదు సంగతి. ఆ వీడియో చట్టంలో నీళ్లు కలుషితమయ్యాయని రుజువు చేయదు, విలేకరి తీసిన సీసా కూడా చేయదు. 1974 జల చట్టం 21వ సెక్షన్ ప్రకారం కాలుష్య నియంత్రణ మండలి అధికారి ఫ్యాక్టరీ వ్యర్థాల నమూనా తీసేటప్పుడు యజమానికి నోటీసు ఇవ్వాలి, నమూనాను రెండు భాగాలు చేసి, సీలు వేసి, ఇద్దరూ సంతకాలు పెట్టాలి. కోర్టులో నిలిచేది అది. కాబట్టి ఫిర్యాదులో వీడియోలోని మాటలు రాయకండి. మీ కళ్లతో చూసింది రాయండి: తేదీ, టైం, చెరువు పేరు, సర్వే నంబరు, ఏయే చేపలు, ఎవరు చూశారు. చివర్లో 21వ సెక్షన్ కింద నమూనా తీయాలని, చెరువు నీళ్లను కూడా పరీక్షించాలని అడగండి. వాళ్లు తీశాక రిపోర్టు కోసం సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ఆ కంపెనీకి పర్యావరణ అనుమతి ఉంటే దాని షరతులు కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేశ్ వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. వ్యర్థాలను బయటికి వదలకూడదన్న షరతు ఉందో లేదో చూడండి. మీ విలేకరి ఎప్పుడైనా ఆ కాగితం చదివి రాశాడా అన్నది కూడా ఒక పరీక్షే.

మునుగోడు_వాసి

అందరికీ చాలా థ్యాంక్స్. మీరు చెప్పినవి పట్టుకుని తిరిగాను. తేలింది రాస్తున్నాను.

పాత వీడియోలు, పత్రిక కటింగులు చూశాను. మనిషి ఒకే రకంగా లేడు. వాగులో రాత్రి ట్యాంకరు ఖాళీ చేసిన వార్త చాలా బాగా చేశాడు. బండి నంబరు కనపడేలా తీశాడు, తర్వాత వారం మళ్లీ పోయాడు, అధికారులు ఇచ్చిన నోటీసు కాగితం తెర మీద చూపించాడు, ట్యాంకరు యజమాని మాట కూడా పెట్టాడు. క్వారీ దుమ్ము వార్తలో దవాఖానలో నర్సుతో, రాళ్లు కొట్టేవాళ్లతో మాట్లాడాడు. చేపల విషయంలో మాత్రం తొందరపడ్డాడు. ఫైల్ షాట్, టీడీఎస్ మీటరు, వల వేసేవాళ్లను అడగకపోవడం, మూడూ అందులోనే ఉన్నాయి. కంపెనీ వాళ్ల మాట కూడా లేదు. 'గేటు దగ్గర రానివ్వలేదు' అని నాతో అన్నాడు. ఆ మాట వీడియోలో చెబితే సరిపోయేది.

డబ్బుల సంగతి. అడిగాడన్న ప్రతి ఒక్కరినీ 'నీకు ఎవరు చెప్పారు' అని అడుగుతూ పోయాను. ఒక్కరి దగ్గరా చూసినట్టు, విన్నట్టు దొరకలేదు. పాత కటింగుల్లో ఆ కంపెనీ ప్రకటన ఎక్కడా కనపడలేదు. ఆ మాట ఇక నా నోటి నుంచి రాదు, నా ముందు ఎవరన్నా ఊరుకోను.

మత్స్యకారులను కలిశాను. కొర్రమీనులు కూడా చచ్చాయని ఇద్దరు చెప్పారు. ఒకాయన మాత్రం తను చూసినవి బొచ్చెలు, రవ్వలే అన్నాడు. ఎండ్రికాయలు కట్టెక్కి చచ్చాయని అందరూ ఒప్పుకున్నారు. ముందురోజు సాయంత్రం పెద్ద వాన పడింది, చెరువు పైభాగమంతా పత్తి చేలే.

చెరువు_సంఘం

ఎండ్రికాయలు కట్టెక్కడం నాకు ఆక్సిజన్ లాగానూ కనిపిస్తోంది, మందు లాగానూ కనిపిస్తోంది. కొర్రమీనుల సంగతి ఎట్లాగైనా తేల్చాలి. ఆ రోజు పొద్దున తీసిన పూర్తి వీడియో, ఎడిట్ చేయనిది, అతని దగ్గర ఉంటుంది కదా? అది చూస్తే ఏ చేపలో నేను చెప్పగలను.

పాత_సబ్‌ఎడిటర్

మంచి ప్రశ్న. ఎడిట్ చేయని వీడియో అడగడం ఏ విలేకరికైనా మంచి పరీక్ష. ఇచ్చేవాడికి దాచుకునేది ఉండదు. కొందరు సమాచారం ఇచ్చినవాళ్లను కాపాడటానికి కూడా ఇవ్వరు. అప్పుడు మొహాలు కనపడని భాగం ఇవ్వమనండి.

మునుగోడు_వాసి

అడిగాను. మొదట కొంచెం నొచ్చుకున్నాడు, 'నన్నే అనుమానిస్తారా' అన్నాడు. ఫిర్యాదు నిలబడాలంటే ఇది కావాలని, మత్స్యకారులు చూస్తారని చెప్పాను. ఆ సాయంత్రమే ఫోన్ తెచ్చి మొత్తం ఇచ్చాడు. ఫైలులో తీసిన టైం కూడా ఉంది, పొద్దున ఆరు దాటిన కాసేపటికి తీసింది. వీడియో మొదట్లో 'ఫైల్ దృశ్యం' అని వేస్తానన్నాడు, శీర్షిక మారుస్తానన్నాడు. శీర్షిక మార్చాడు. ఫైల్ మాట ఇంకా వేయలేదు, మళ్లీ గుర్తుచేశాను.

నీళ్ల_పరీక్ష

ఇచ్చాడంటే నా దృష్టిలో అతని విలువ పెరిగింది. చెరువు సంఘం అన్నకు పంపించండి. మత్తడి దగ్గర నీటి రంగు ఎట్లా ఉందో నాకు కూడా చూడాలని ఉంది, పచ్చ పాచి ఉందా లేదా తెలుస్తుంది.

మూసీ_ఒడ్డు

సరే తమ్ముడూ. నేను ఇంకా ఆ మనిషి పక్షమే. ఈ పద్ధతిలో పోతే అతనికీ మంచిదే, ఒప్పుకుంటాను. ఫిర్యాదు ఎప్పుడు ఇస్తున్నారు?

మునుగోడు_వాసి

వచ్చే సోమవారం. మొదటి సంతకం నాది, రెండోది మత్స్య సంఘం అధ్యక్షుడిది. 'ఫార్మా' అన్న మాట లేకుండా రాశాం. పత్తి మందుల పరీక్ష కూడా అడిగాం. వకీలు గారు, చిత్తుప్రతి మీకు పర్సనల్ మెసేజ్‌లో పంపాను, 21వ సెక్షన్ దగ్గర మాటలు సరిగ్గా ఉన్నాయో ఒకసారి చూడండి.

దేవరకొండ_వకీలు

చూశాను, బాగుంది. రెండు మార్పులు చేయండి. 'చెరువు నీరు విషపూరితమైనందున' అన్న వాక్యం తీసేసి 'చేపలు మృతి చెందినందున' అని పెట్టండి. విషం అని తేలాల్సింది ఇప్పుడే కదా. అర్జీ రెండు కాపీలు తీసుకుపోయి, మీ కాపీ మీద తేదీతో రసీదు ముద్ర వేయించుకోండి. రేపు సమాచార హక్కు దరఖాస్తులో ఆ నంబరే రాయాలి.

చెరువు_సంఘం

వీడియో అందింది. రాత్రి మా సంఘంలో పెద్దవాళ్లతో కూర్చుని చూస్తాను. మత్తడి వైపు తీసిన చోట కెమెరా కిందికి వంచినప్పుడు రెండు నల్లటి పొడుగు చేపలు కనిపిస్తున్నాయి. కొర్రమీనులే అనిపిస్తోంది, తల దగ్గర సరిగా కనపడటం లేదు. పెద్ద స్క్రీన్ మీద చూసి రేపు రాస్తాను.